నేల చూసి గోడ, గట్టు చూసి కప్‌బోర్డు: విజయవాడ ఫ్లాట్‌లో లేత రంగులు ఎంచుకున్న తీరు (నా అనుభవం)

షేడ్ కార్డులో బిస్కెట్ రంగులా ఉన్నది గోడెక్కాక గులాబిగా కనిపిస్తుంది. కార్డులో బూడిద రంగు, గోడ మీద లేత వంకాయ రంగు. లేత రంగులతో వచ్చే చిక్కంతా ఇదే. ఎరుపో నీలమో అయితే కాస్త అటూ ఇటూ అయినా ఎరుపు ఎరుపే, నీలం నీలమే. మీగడ రంగు, గంధం రంగు, సిమెంట్ రంగు లాంటివి పక్కన ఏముంటే దానికి లొంగిపోతాయి. పటమటలో 2011లో కట్టిన రెండు పడగ్గదుల ఫ్లాట్‌కి ఈ సంక్రాంతి వెళ్లాక రంగులు వేయించాను. గోడలకూ వంటింటి కప్‌బోర్డులకూ రంగు కుదరడానికి పట్టిన దారి, కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ముందు కార్డు తెరవలేదు. ఇంట్లో మార్చడం కుదరని వాటిని రాసుకున్నాను. నేల మీద రెండడుగుల ఐవరీ విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి. తలుపులు టేకువి, తేనె రంగు పాలిష్. వంటగట్టు చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. హాలు బాల్కనీ తూర్పుకి, వంటగది ఆగ్నేయంలో. పెద్ద పడగ్గది కిటికీకి పదడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ, దానికి లేత ఆకుపచ్చ రంగు. గోడ రంగును ఈ ఐదూ కలిసి నిర్ణయిస్తాయి, కొట్లో మనకు నచ్చిన చీటీ కాదు.

టైల్‌తోనే మొదలుపెట్టాను. ఐవరీ అనే పేరుతో పసుపు ఛాయవీ అమ్ముతారు, గులాబి ఛాయవీ అమ్ముతారు. ఏదో తెలుసుకోవాలంటే టైల్ మీద తెల్లటి ఎ4 కాగితం పరిచి పగటి వెలుగులో చూడాలి. కాగితం పక్కన మా టైల్ వెన్న రంగులో, పసుపు వైపు తేలింది. షేడ్ కార్డుకి కూడా ఇదే పరీక్ష. ఒక పట్టీలో పైనుంచి కిందికి ఒకే కుటుంబం షేడ్లుంటాయి కదా, లేత షేడ్‌లో దాగిన ఛాయ ఆ పట్టీలో అన్నిటికన్నా ముదురు గడిలో బయటపడుతుంది. పైన తెల్లగా ఉన్న దాని అడుగు గడి మట్టి గులాబి అయితే, నాలుగు గోడలకూ వేశాక పై షేడ్ కూడా గులాబి వైపే లాగుతుంది. గదిలో గోడల వెలుగు ఒకదాని మీద ఒకటి పడి ఛాయ బలపడుతుంది కాబట్టి, చీటీలో "కొంచెమే కదా" అనిపించింది గోడ మీద కొంచెంగా ఉండదు.

టేకు తలుపు చేసే పని వేరు. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే కన్ను రెండోదాన్ని రంగుల చక్రంలో మొదటిదానికి ఎదురుగా ఉండే రంగు వైపు జరిపి చూస్తుంది. టేకు పాలిష్ నారింజ వైపుది, దాని ఎదురు రంగు నీలం. అందుకే బూడిద రంగు గోడ టేకు ద్వారబంధం పక్కన నీలంగా కనిపిస్తుంది. పైగా తెలుపులో ఉత్త నలుపు మాత్రమే కలిపి చేసిన బూడిద రంగు సహజంగానే కాస్త నీలిగా తేలుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే అందమైన గ్రే ఇళ్లలో చాలావాటికి టేకు తలుపులుండవు, పసుపు ఛాయ నేల ఉండదు. మన ఇళ్లలో బూడిద కావాలంటే గోధుమ కలిసిన బూడిద తీసుకోవాలి, గ్రేజ్ అంటారు దాన్ని. నలుపుతో పాటు పసుపు ఆక్సైడ్, కాస్త ఎరుపు ఆక్సైడ్ పడిన ఫార్ములా అది. రంగు కలిపే మెషిన్ తెర మీద ఫార్ములా కనిపిస్తుంది. అడిగితే చూపిస్తారు, చూడండి.

కార్డు మీద ఎల్‌ఆర్‌వి అనే అంకె ఉంటే అదీ చూడాలి. పడిన వెలుగులో గోడ ఎంత తిరిగి ఇస్తుందో చెప్పే కొలత అది: నలుపు 0, తెలుపు 100. వెలుగు తక్కువగా వచ్చే పడగ్గదికి 70 పైన ఉన్నవే చూశాను. బాల్కనీ ఉన్న హాలుకి 60 దాకా దిగినా గది చీకటి పడదు.

దిక్కుల గురించి ఒక మాట. ఉత్తరం గదిలో వెలుగు ఎప్పుడూ నీలిగా, చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ వెచ్చని రంగే వేయాలి అని రాస్తుంటారు. అది చలిదేశాల లెక్క. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరం కిటికీ మనకు అంత చల్లన కాదు. ఇక్కడ అసలు తేడా తెచ్చేది పక్కింటి గోడ. మా పడగ్గదిలో ఆ ఆకుపచ్చ గోడ మీద పడి వచ్చిన వెలుగులో మీగడ రంగు పాలిపోయిన పచ్చగా తేలింది. అదే వెలుగులో ఇసుమంత గులాబి ఛాయ ఉన్న ఆఫ్-వైట్ మామూలు తెలుపులా నిలబడింది. హాల్లో వద్దనుకున్న గులాబి ఛాయే అక్కడ పనికొచ్చింది. ఇంటంతా ఒకే షేడ్ అనే పట్టుదల ఉంటే ఇది దొరకదు.

రంగు కన్నా ముందు బల్బులు తేల్చుకోవాలి. వెలుగు ఛాయని కెల్విన్‌లో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, పెరిగితే నీలి తెలుపు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీలు. వాటి కింద బిస్కెట్ రంగు పాలిపోయి, బూడిద రంగు నీలెక్కుతుంది. 3000 కెల్విన్ వేస్తే మీగడ రంగు పసుపు గోడ అయిపోతుంది. నేను హాలుకీ వంటింటికీ 4000 కెల్విన్, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉన్నవి ముందే బిగించాను. ఆ తర్వాతే నమూనాలు చూశాను. రంగులు వేశాక బల్బులు మారిస్తే రాత్రిపూట చూసే రంగు మారిపోతుంది, ఎంపిక మళ్లీ మొదటికొస్తుంది.

నమూనాలు గోడ మీద పూయలేదు. పాత రంగు చుట్టూ ఉంటే కొత్త రంగు నిజం చెప్పదు. రెండడుగుల చదరపు హార్డ్‌బోర్డు ముక్కలు నాలుగు తీసుకుని, ఒక కోటు ప్రైమర్, ఆరాక రెండు కోట్లు రంగు రోలర్‌తోనే వేశాను, ఎందుకంటే బ్రష్ వేరే ఆకృతినిస్తుంది. ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) తడిగా ఉన్నప్పటి కన్నా ఆరాక కొంచెం ముదురుతుంది, కాబట్టి ఒక రోజు ఆగి చూడాలి. బోర్డుని నేల టైల్‌కి ఆనించి నిలువుగా ఒకసారి, తలుపు బంధం పక్కన ఒకసారి, కిటికీ గోడ మీద ఒకసారి, దాని ఎదురు గోడ మీద ఒకసారి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదుకి, రాత్రి లైట్ల కింద. ఇలా మూడు రోజులు చూశాను. ఆ నాలుగు ముక్కల్లో అందరూ ముచ్చటపడిన బూడిద షేడ్ సాయంత్రం టేకు పక్కన వంకాయ రంగుకి తిరిగింది, దాన్ని వదిలేశాం.

నమూనాకి బుల్లి డబ్బా కాకుండా లీటరు డబ్బానే కలిపించండి. లేత రంగుల ఫార్ములాలో నలుపు, పసుపు ఆక్సైడ్ లాంటివి లీటరుకి చుక్కల్లో పడతాయి. 200 మిల్లీలీటర్లకి ఆ చుక్కని మెషిన్ సరిగ్గా కొలవలేదు. చిన్న డబ్బాలో నచ్చిన రంగు పెద్ద డబ్బాలో రాకపోవడానికి ఒక కారణం అదే. పని చివర్లో తక్కువపడి తెచ్చిన ఒక్క లీటరు గోడ మీద అతుకులా కనిపించడానికీ అదే కారణం.

అందుకే కొలిచి ఒకేసారి తెచ్చాను. పైకప్పు ఎత్తు పదడుగులు. హాలు 18 బై 12: చుట్టుకొలత 60 అడుగులు, 600 చదరపు అడుగుల్లో తలుపులు, బాల్కనీ, కిటికీ పోను 490. పెద్ద పడగ్గది 400, చిన్నది 380. వంటగది 10 బై 8, కప్‌బోర్డులూ టైల్సూ పోను మిగిలే గోడ 120. మొత్తం 1390. లప్పం పెట్టి నున్నగా ఉన్న గోడకి మంచి ఎమల్షన్ రెండు కోట్లు లీటరుకి 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. 120 చొప్పునే లెక్క కడితే 11.6 లీటర్లు. పెద్ద పడగ్గది షేడ్ వేరు కాబట్టి దానికి 4 లీటర్ల డబ్బా విడిగా, మిగతా 990 అడుగులకి 10 లీటర్ల డబ్బా. పైకప్పులు నాలుగూ కలిపి 538 అడుగులు, వాటికి తెలుపు 5 లీటర్లు. ఒకే షేడ్‌కి రెండు డబ్బాలు కావలసి వస్తే బ్యాచ్ నంబర్ ఒకటేనో కాదో చూసుకుని, రెంటినీ పెద్ద బకెట్‌లో పోసి కలిపి వాడాలి. గది సగంలో డబ్బా మారితే మూల దగ్గర తేడా తెలుస్తుంది.

గోడ పని గురించి ఎక్కువ చెప్పను, మేస్త్రికి తెలిసిందే. కానీ లేత రంగుకి తప్పనివి రెండున్నాయి. ఒకటి చెమ్మ. బాత్రూమ్ వెనక గోడ మీద అడుగున్నర పాలిథిన్ ముక్క నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు ఉంచాను. లోపల నీటి చుక్కలు కడితే గోడ ఇంకా ఊటలో ఉన్నట్టు. దాని మీద లప్పం పెడితే ఉప్పు పొంగి పెచ్చులూడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపులో రోజుల తరబడి నీళ్లు నిలిచిన సింగ్‌నగర్ వైపు ఇళ్లకు ఈ పరీక్ష మరీ అవసరం, గోడ పైపైన ఆరినా లోపలి ఇటుక ఆరడానికి చాలా కాలం పడుతుంది. మచ్చ ముదురు రంగు మీద దాగుతుందేమో గానీ ఆఫ్-వైట్ మీద మొదటి వానకే బయటపడుతుంది. రెండోది నీళ్లు. డబ్బా మీద ఎంత కలపమని రాసి ఉంటే అంతే. పలచన చేస్తే రంగు పట్టు తగ్గి, ఆఫ్-వైట్ కింద పాత రంగు మబ్బుల్లా కనిపిస్తుంది. "మూడో కోటు వేస్తే సరిపోద్దండీ" అని మేస్త్రి అంటాడు, కానీ మూడూ పలచనవే అయితే సరిపోదు. మాకు పాత గోడ ముదురు నారింజ ఉన్నచోట తెల్ల ప్రైమర్ ఒక కోటు అదనంగా వేయించాను.

మెరుపు విషయంలో హాలుకి మ్యాట్, అంటే మెరుపులేని రకం తీసుకున్నాను. బాల్కనీ నుంచి వెలుగు గోడ వెంబడి పక్కగా పడుతుంది, కొంచెం మెరుపున్నా లప్పం ఎగుడుదిగుళ్లన్నీ అలల్లా లేస్తాయి. వంటింటి గోడకి మాత్రం కడగడానికి వీలైన, కొంచెం మెరుపున్న శాటిన్. మ్యాట్ నూనె ఆవిరిని పీల్చుకుంటుంది, తుడిస్తే ఆ తుడిచిన చోటు మచ్చగా మెరుస్తుంది.

ఇక కప్‌బోర్డులు. ఇంట్లో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన రంగు ఇదే అని నా అభిప్రాయం. గోడ ఎమల్షన్‌ని మెషిన్‌లో ఎలా కావాలంటే అలా జరపొచ్చు, తర్వాత మార్చుకోవడమూ తేలిక. కప్‌బోర్డు రంగు పదేళ్లు ఉంటుంది, లామినేట్ అయితే కేటలాగ్‌లో ఉన్న షేడ్లే గతి. అందుకే గట్టుకీ నేలకీ కుదిరే కప్‌బోర్డు రంగు ముందు, దానికి కుదిరే గోడ తర్వాత.

బ్లాక్ గెలాక్సీ దూరానికి నలుపే గానీ దగ్గరగా చూస్తే అందులో మినుకుమనే చుక్కలు బంగారు కంచు రంగువి. నీలి బూడిద కప్‌బోర్డు దాని కింద అతకదు. కింది వరసకి గోధుమ కలిసిన బూడిద, ఎల్‌ఆర్‌వి 45 దగ్గరిది. పై వరసకి వెచ్చని ఆఫ్-వైట్, 75 పైన. అటక తలుపులకి గోడ రంగుకి దగ్గరి షేడే ఇచ్చాను, ముదురు రంగు ఇస్తే పైకప్పు కిందికి దిగినట్టుంటుంది. కింద కూడా తెలుపే వేయాలన్న ఆలోచన మొదట ఉండేది. గుంటూరు కారం, పసుపు, ఆవకాయ నూనె రోజూ తిరిగే వంటిల్లు ఇది. పసుపు మరక ఎండ తగిలితే కొన్నాళ్లకి వెలిసిపోతుంది, కానీ గట్టు కింద ఎండ ఎక్కడిది? స్టవ్ కింది సొరుగుల చుట్టూ పట్టే జిడ్డు తెలుపు మీద వారంలో కనిపిస్తుంది. మరీ ముదురు రంగు అయితే పిండి చేతి ముద్రలు, నీటి చారలు కనిపిస్తాయి. అందుకే మధ్యరకం షేడ్.

ఒకే కోడ్‌ని గోడకీ కప్‌బోర్డుకీ వేయొద్దు. ఎమల్షన్‌లో మ్యాట్, పీయూలో (చెక్క మీద కొట్టే పాలీయురిథేన్ రంగు) మెరుపు, రెండూ పక్కపక్కన పెడితే ఒకే రంగని ఎవరూ నమ్మరు, పొరపాటు పడ్డట్టుంటుంది. ఒకే పట్టీలో రెండు మెట్లు తేడా ఉంచితే కావాలని చేసినట్టుంటుంది.

మా షట్టర్లు, అంటే కప్‌బోర్డు తలుపులు, ప్లైవుడ్‌వి, మీద తెల్ల సింథటిక్ ఎనామిల్. అది పసుపెక్కింది. వింతేమిటంటే వెలుగు పడే బయటి వైపు కన్నా మూసి ఉండే లోపలి వైపే ఎక్కువ పసుపు. నూనె ఆధారంగా చేసిన ఎనామిల్ గుణమే అది, చీకట్లో పసుపెక్కుతుంది, వెలుగు దాన్ని కొంత విరుస్తుంది. కప్‌బోర్డుకి తెలుపు, ఆఫ్-వైట్ వేసేవాళ్లు ఆ ఎనామిల్ జోలికి వెళ్లకుండా నీటి ఎనామిలో, రెండు పాళ్ల అక్రిలిక్ పీయూనో తీసుకోవాలి. పీయూలో కూడా హార్డెనర్ (రంగు గట్టిపడడానికి కలిపే రెండో పాలు) పసుపెక్కని అలిఫాటిక్ రకమా అని అడగాలి. చవక రకం చెక్క పాలిష్ హార్డెనర్ తెలుపులో కలిపితే ఏడాదికే దంతపు రంగుకి తిరుగుతుంది.

ఎనామిల్ మీద నేరుగా పీయూ కొట్టించడం పెద్ద తప్పు. పీయూ తిన్నర్ ఘాటుకి అడుగు ఎనామిల్ మెత్తబడి ముడతలు లేస్తుంది. ఒక షట్టర్ వెనక మూల తిన్నర్ తడిపిన గుడ్డ రెండు నిమిషాలు పెట్టి చూశాను. రంగు ఉబ్బింది. దాంతో చెక్క దాకా తీయించక తప్పలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎంకి మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి తయారీకి అమలయ్యాయి. మా ఎనామిల్ 2011ది. అందుకే పొడిగా రుద్దొద్దని, హీట్‌గన్ పెట్టొద్దని మేస్త్రికి గట్టిగా చెప్పాను. నీళ్లలో తడిపిన వాటర్ పేపర్‌తో రుద్ది, ఆ బురదని గుడ్డతో ఎత్తించాం. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ దుమ్ము రేగకూడదు.

షట్టర్లు 18, సొరుగు ముఖాలు 6. విప్పేటప్పుడే ప్రతిదాని హింజ్ గుంటలో స్క్రూడ్రైవర్ మొనతో నంబరు గీశాను. టేపు మీద రాస్తే తిన్నర్‌కి ఊడిపోతుంది, పెన్సిల్ రాత రంగు కింద పోతుంది. ఆ తర్వాత జిడ్డు. గోరువెచ్చని నీళ్లలో వాషింగ్ సోడా వేసి స్క్రబ్బర్‌తో తోమి, మంచి నీళ్లతో తుడిచి, ఒక రోజు నీడన ఆరబెట్టాం. జిడ్డు తీయకుండా రుద్దితే పేపర్ ఆ నూనెని చెక్క రంధ్రాల్లోకి తోస్తుంది. పైన కొట్టిన పీయూ అక్కడ చేప కళ్లలాంటి గుంటలు పెడుతుంది, ఎన్ని కోట్లు వేసినా మూసుకోవు. స్టవ్ పైన ఉండే రెండు షట్టర్లకి ఈ కడుగుడు మూడుసార్లు పట్టింది.

180 నంబరు పేపర్‌తో రుద్దడం, అంచులకి లప్పం, పీయూ సర్ఫేసర్ (అడుగు పూత) రెండు కోట్లు, మధ్యలో 320 పేపర్, ఆపైన రంగు రెండు కోట్లు. ఇంట్లో కొట్టించలేదు. ఆటోనగర్‌లో కార్లకి రంగు కొట్టే బూత్ ఉన్న షెడ్‌కి పంపాను. ఇల్లు దగ్గరే, దుమ్ము పడదు, పీయూ హార్డెనర్ ఆవిరి ఊపిరితిత్తులకి చాలా చెరుపు కాబట్టి ఇంట్లో వద్దు. కొట్టేవాళ్లు కూడా గుడ్డ కట్టుకుంటే చాలదు, కార్ట్రిడ్జ్ మాస్క్ ఉందో లేదో చూశాకే పని ఇచ్చాను. ముఖాల వైశాల్యం కింది వరస 40, పై వరస 24, అటక 32, మొత్తం 96 చదరపు అడుగులు. రెండు వైపులా కలిపి 192. గాలికి పోయేది కలుపుకుని కోటుకి మూడు లీటర్ల దాకా పట్టింది. హార్డెనర్ కలిపాక కొన్ని గంటల్లో రంగు చిక్కబడుతుంది, మిగిలింది రేపటికి పనికిరాదు. అందుకని కింది వరస రంగు ఒక రోజు, పై వరస రంగు ఒక రోజు పెట్టించాను.

కృష్ణా ఒడ్డు ఊరు, జనవరి, ఫిబ్రవరి పొద్దుల్లో మంచు దట్టంగా పడుతుంది. హార్డెనర్ గాలిలో తేమతో కలిస్తే గ్యాస్ పుట్టి సూదిమొన బుడగలు లేస్తాయి. మొదటి రోజు ఎనిమిదింటికే మొదలుపెట్టిన మూడు షట్టర్లకి అదే జరిగింది, వాటిని రుద్ది మళ్లీ కొట్టవలసి వచ్చింది. తర్వాత పదకొండు దాటాకే గన్ పట్టారు. ఇదే పని వానాకాలంలో పెట్టుకుంటే రోజుకి పని జరిగే గంటలు ఇంకా తగ్గుతాయి. ఎమల్షన్‌కి మాత్రం అడ్డు మే ఎండ. పడమటి గోడ కాగి ఉంటే రోలర్ అంచు కలిసేలోపే ఆరిపోయి పట్టీలు పడతాయి. ఆ గోడకి పొద్దున్నే, ఫ్యాన్ ఆపి, మధ్యలో టీకి లేవకుండా ఒక గోడ ఒకే విడతలో లాగాలి.

గూళ్ల ముందు అంచులు ఇంట్లోనే ఉంటాయి కదా, వాటికి అదే షేడ్‌ని నీటి ఎనామిల్‌లో కలిపించి చిన్న బ్రష్‌తో వేయించాను. మెరుపు కొంచెం తేడా ఉంది, తలుపు తీసినప్పుడు తప్ప కనబడదు. షట్టర్లు కొట్టిన ఏడో రోజున బిగించాం. తాకితే ఆరినట్టే ఉంటుంది గానీ లోపల గట్టిపడడానికి ఆ వారం కావాలి. మూడో రోజున బిగిస్తే హ్యాండిల్ చుట్టూ గోటి గీతలు పడతాయి, రెండు అంచులు తగిలినచోట అతుక్కుంటాయి. మొదటి నెల తడి గుడ్డ, ఒక చుక్క గిన్నెల సబ్బు తప్ప ఇంకేమీ వాడలేదు.

మిగిలిన రంగులో ఒక్కో షేడ్ పావు లీటరు గాజు సీసాల్లోకి అంచు దాకా నింపి మూత బిగించాను. గాలి చోటు ఎక్కువుంటే ఎమల్షన్ మీగడ కడుతుంది. సీసా మీద గది పేరు, షేడ్ కోడ్, బేస్ (మెషిన్ రంగులు కలపడానికి తీసుకున్న మూల రంగు), బ్యాచ్ నంబర్, వేసిన తేదీ రాసి, మెషిన్ ఇచ్చిన ఫార్ములా స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకున్నాను. స్టిక్కర్ మీద సిరా ఏడాదికే ఎగిరిపోతుంది.